పడినవానిని నిలబెట్టుట

వర్తకుల భాషలో 'దివాళా' అను మాటకంటె భయపెట్టు మాట వేరొకటి లేదు. ఆ మాట పుట్టుకను గూర్చి పెద్దలు ఒక సంగతి చెప్పుదురు. పూర్వకాలమున పడమటి దేశములందు వర్తకుడు బాకీలు తీర్చలేని స్థితికి వచ్చినప్పుడు పట్టపగలే తన దుకాణములో దీపము వెలిగించి కూర్చుండెడివాడట. 'దియా' అనగా దీపము. పగటిపూట దీపము కనబడినచో ఆ దుకాణము పడిపోయినదని బజారుకంతకు తెలిసెడిది. ఆ దీపమునుండియే దివాళా అను మాట వచ్చినదని అందురు.

ఆ దీపము పెట్టినవాడు దొంగ కాడు. దొంగయైనచో రాత్రికి రాత్రే మూట కట్టుకొని ఊరు దాటియుండును. తన వలన కాలేదని నలుగురి యెదుట ఒప్పుకొనుటకే అతడు దీపము పెట్టినాడు. ఇక ఆ దీపమును చూచినవారు ఏమి చేయవలెను? ఇది చిన్న ప్రశ్నవలె కనబడును గాని, వ్యాపారముచే జీవించుచు అహింసయే పరమధర్మమని చెప్పుకొను జైన గృహస్థునకు ఇంతకంటె పెద్ద పరీక్ష లేదు. చీమను తొక్కకుండ నడచుట అభ్యాసముచే వచ్చును. తనకు బాకీపడిన మనిషిని మాటతో తొక్కకుండ ఉండుట అంత సులభముగా రాదు.

తెలుగులో 'పడ్డవాడు చెడ్డవాడు కాడు' అను సామెత గలదు. మాటపడి ఓర్చుకొన్నవాడు చెడ్డవాడు కాడని దీనికి సామాన్యముగా అర్థము చెప్పుదురు. కాని పడుట అనగా ఒక్క మాటపడుటయే కాదు. క్రిందపడుటయు పడుటయే, కష్టపడుటయు, బాకీపడుటయు, సిగ్గుపడుటయు పడుటయే. వ్యాపారములోనో, వ్యవసాయములోనో చెడినవాడు ఇవి అన్నియు ఒక్కసారిగా పడును. అట్టివానిపై కొత్తగా మరియొక మాట వేయుట గోరుచుట్టుపై రోకటిపోటు.

నదీతీరపు పద్దులు

ఈ ప్రశ్న పుస్తకములలోనిది మాత్రమే కాదని తెలియుటకు సిరోంచ తీరమును చూచిన చాలును. మహారాష్ట్రములో గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియు చోటికి సమీపమున ఈ ఊరు ఉన్నది. ఎదుటి గట్టున తెలంగాణములోని కాళేశ్వరము. కచేరి కాగితము మరాఠీలో ఉండును. బజారులో బేరము తెలుగులో జరుగును. ఒకప్పుడు పడవలపై దాటిన సరకు, గోదావరిపై వంతెన పడిన తరువాత లారీలపై దాటుచున్నది. తీరపు రైతులు వరి, ప్రత్తి, మిరప పండింతురు. అడవి పల్లెలవారు వేసవిలో తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి నాలుగు రూకలు చూచుకొందురు. ఇట్టి చోట్ల విత్తనము, ఎరువు, పురుగుమందు, పెండ్లి బట్టలు అన్నియు పంటమీద అరువుగా దుకాణమునుండి వెళ్లును; పంట వచ్చినప్పుడు జమయగును. వర్తకుని ఖాతాపుస్తకములో ఆసామికి ఒక పేజీ ఉండును. ఆ పేజీలో ఆ కుటుంబపు చరిత్రయంతయు ఉండును.

2022వ సంవత్సరమున ఈ నదులు రెండు ముఖములు చూపినవి. ఏప్రిల్ 13 నుండి 24 వరకు ప్రాణహిత పుష్కరములు జరిగి, ఉభయ తీరములందును జనులు పుణ్యస్నానములు చేసిరి. మూడు నెలలు గడచునప్పటికి, జూలైలో, గోదావరి మహా వరదతో పొంగి తీరపు పల్లెలను ముంచినది. అప్పటికే ప్రత్తి గింజ నాటియుండిన చేలు నీటి పాలయ్యెను. నది తీసిన తరువాత చేలలో మిగిలినవి బురద, ఇసుక.

అట్టి యేట ఒక రైతును ఊహించుడు. జూన్‌లో దుకాణమునకు వచ్చి విత్తనము, ఎరువు తీసికొనిపోయినాడు. జూలైలో చేను పోయినది. ఆగస్టులో తిరిగి దుకాణపు మెట్లెక్కినాడు. చేతిలో రొక్కము లేదు. మళ్లీ విత్తుటకు గింజలు కావలెను. గద్దెమీద వర్తకుడు, ప్రక్కన గుమాస్తా, ఎదుట మరి నలుగురు బేరగాండ్రు. వర్తకుడు పుస్తకము తెరచి, ఆ పేజీ తీసి, నలుగురికి వినబడునట్లు బాకీ చదివి, 'ఏటి ప్రక్కన ప్రత్తి పెట్టమని నీకెవడు చెప్పినాడయ్యా? పోయినయేడును ఇదే మాట చెప్పితివి' అనును. రైతు నేలచూపు చూచి, ఏమియు అడుగకయే మెట్లు దిగిపోవును.

ఇప్పుడు ఈ మాటకు లెక్క కట్టి చూడవలెను. వర్తకుడు కదా, లెక్క అతనికి తెలిసిన విద్య. ఆ మాటవలన ఒక్క పైసా వసూలైనదా? కాలేదు. పైగా ఆ రైతు ఇకమీదట ఆ వీధిన రాక, ఎక్కువ వడ్డీకి వేరొకచోట తెచ్చుకొని, పంట వచ్చినప్పుడు అక్కడనే వేయును. కదలుచున్న బాకీ కాస్తా మొండిబాకీ యగును. నిందలో లాభము సున్న. నష్టము మాత్రము రెండువైపులా.

ఇంతటితో పోయినను కొంత నయమే. గోదావరికి ఇవతలి గట్టున, వరంగల్లు జిల్లాలో, 1997–98లో పురుగు తగిలి, వానలు తప్పి ప్రత్తి చెడినప్పుడు అనేకమంది రైతులు ప్రాణములు తీసికొనిరి. వారి బాకీలలో పెద్ద భాగము బ్యాంకులది కాదు. విత్తనము, పురుగుమందు అరువిచ్చిన దుకాణములది, ప్రైవేటు వడ్డీలది. ఆ మరణములకు వర్తకులే కారణమనుట న్యాయము కాదు. మందు పనిచేయకపోవుట, ధర పడుట, బ్యాంకు అప్పు దొరకకపోవుట, ఇట్లు కారణములు అనేకము. కాని ఆలోచింపదగిన సంగతి ఒకటున్నది. అప్పు ఒక్కటియే మనిషిని అంతదూరము తీసికొనిపోదు. ఇక నలుగురిలో ముఖము చూపలేనను భావము అతనిని తీసికొనిపోవును. అప్పు కాలమున తీరును. ముఖము పోయినచో తిరిగి ఇచ్చుటకు ఏ బజారులోను దొరకదు.

ఓటమికి కారణమెవరు?

నిందించువాడు ఎల్లప్పుడును ఒక్క కారణమునే చూచును. 'వీడు సోమరి', 'వీనికి ఆశ ఎక్కువ', 'వీనికి బుద్ధి లేదు' అనును. జైన శాస్త్రము అట్లు చూడదు. ఏ కార్యము జరుగుటకైనను కాలము, స్వభావము, నియతి, పూర్వకర్మ, పురుషార్థము అను ఐదును కూడవలెనని పెద్దలు చెప్పిరి. దీనినే పంచసమవాయమందురు. గింజ మంచిదైనను కాలము రానిదే మొలవదు. కాలము వచ్చినను వేపగింజనుండి మామిడి రాదు. మనిషి చేతిలో ఉన్నది ఐదింట ఒకటి, పురుషార్థము. తక్కిన నాలుగును మరచి ఆ ఒక్కదానిమీదనే భారమంతయు మోపుట ఏకాంతవాదము. అనేకాంతమును సభలలో పొగడి, దుకాణములో ఏకాంతము పాటించుట వింత గదా!

సిరోంచ చరిత్రలోనే దీనికి దృష్టాంతము గలదు. 1860లో ఏర్పడిన ఎగువ గోదావరి జిల్లాకు ఈ ఊరు ముఖ్యస్థానము. నాగపూరు, వరాడు ప్రాంతముల ప్రత్తిని ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవలపై సముద్రమునకు చేర్చవలెనని సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టెను. నదిలో రాతిబండలు అడ్డువచ్చు మూడు చోట్ల, అనగా దుమ్ముగూడెము, ఇచ్చంపల్లి, ప్రాణహితమీద దేవల్‌మరి వద్ద, అడ్డంకులను దాటుటకు ఆనకట్టలు, కాలువలు, లాకులు ఉద్దేశింపబడినవి. హేగ్ అను ఇంజనీరు ఈ పనులపై ఏండ్ల తరబడి శ్రమించెను. అడవిజ్వరమువలన పనివారు నిలువలేదు. రాయి లొంగలేదు. ఇంతలో 1867లో బొంబాయినుండి రైలు నాగపూరునకు వచ్చి, ప్రత్తి ఆ దారిన పోవ మొదలిడెను. 1871లో ప్రభుత్వము పనులను విడిచిపెట్టెను. 1874లో జిల్లాయు రద్దయి సిరోంచ చాందా జిల్లాలో కలిసెను. చాలకాలము తరువాత, 1982లో, గడ్చిరోలి వేరు జిల్లా అయినది.

ఆ పని ఓడిపోయినదనుట నిజము. కాని ఎవరి తప్పు? ఇంజనీరు పురుషార్థము తక్కువ కాదు. నది స్వభావము, రైలు వచ్చిన కాలము అతని చేతిలోనివి కావు. ఇంకొక విశేషము కూడ ఉన్నది. దుమ్ముగూడెము ఆనకట్ట నేటికిని నిలిచియున్నది. పడవలకొరకు కట్టిన ఆ చోటినే ఆధారము చేసికొని ఈ కాలమున సీతారామ ఎత్తిపోతల పథకము రూపొందినది. ఓడిన పనిలో నిలిచిన భాగము ఒకటి ఉండును. ఓడిన మనిషిలోను ఉండును. నిందించువానికి అది కనబడదు. వెదకువానికి కనబడును.

అదే ప్రత్తి మరియొక పాఠమును కూడ నేర్పినది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టి అచటి ప్రత్తి ఇంగ్లండునకు అందకపోగా, ఈ దేశపు ప్రత్తికి ఎన్నడులేని ధర పలికెను. సాహుకార్లు ధారాళముగా అప్పులిచ్చిరి. 1865లో యుద్ధము ముగిసి ధర పడిపోయెను. ధర ఉన్నప్పుడు ఇచ్చినవారు ధర పడిన తరువాత కోర్టులకెక్కిరి. కడకు 1875 మే 12న పూనా జిల్లాలోని సూపా గ్రామమున రైతులు గుమిగూడి మార్వాడీ, గుజరాతీ సాహుకార్ల ఇండ్లమీద, దుకాణములమీద పడిరి. చుట్టుప్రక్కల గ్రామములకు ఆ అలజడి ప్రాకినది. వారు ముఖ్యముగా వెదకినవి బాకీపత్రములు. దొరికిన పత్రములను వీధిలో వేసి తగులబెట్టిరి. ప్రభుత్వము విచారణసంఘమును వేసి, 1879లో దక్కను వ్యవసాయదారుల సహాయచట్టమును చేసినది.

ఆ సాహుకార్లలో జైనులును ఉండియుందురు. వారిలో అందరును దుర్మార్గులని ఎవరును అనలేరు. పత్రము ప్రకారము వారికి రావలసినదే అడిగిరి. అయినను పత్రములో వ్రాసినదొక్కటే సత్యమని, దానివెనుక పడిన ధర, వట్టిపోయిన చేను సత్యములు కావని అనుకొనుటయే వారి పొరపాటు. కాగితముమీది సత్యము సగము సత్యము.

నింద సొంత వాడుకకే

అటులైనచో తప్పు అనునదియే లేదా? నిందయే కూడదా? జైనధర్మము అట్లు చెప్పలేదు. నిందకు ఒక చోటు కేటాయించినది. ప్రతిక్రమణమున శ్రావకుడు నిందించుకొనవలసినది తన దోషములను, తన ఆత్మను. పద్దెనిమిది పాపస్థానములను తలచుకొనునప్పుడు అందులో అభ్యాఖ్యానము, పైశున్యము, పరపరివాదము అని మూడు వచ్చును. లేని దోషమును అంటగట్టుట, చాటున చాడీ చెప్పుట, ఇతరుల తప్పులను ఎంచి ప్రచారము చేయుట అని వాని అర్థము. హింసతోను, దొంగతనముతోను ఒకే వరుసలో ఇవి లెక్కింపబడినవి. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున ఆరవ అధ్యాయములో పరనింద, ఆత్మప్రశంస నీచగోత్రకర్మకు కారణములని తెలిపెను. అనగా ఇతరుని క్రిందు చేసి చూపువాడు తానే క్రిందికి పోవుటకు దారి వేసికొనుచున్నాడు. వర్తకుని భాషలో చెప్పవలెనన్న, నింద అను సరకు సొంత వాడుకకే గాని అమ్మకమునకు కాదు.

మరి ఇతరుడు జారినప్పుడు చేయవలసినదేమి? సమ్యగ్దర్శనమునకు ఎనిమిది అంగములు చెప్పబడినవి. వానిలో ఉపగూహనము ఒకటి, స్థితీకరణము ఒకటి, వాత్సల్యము ఒకటి. ఉపగూహనమనగా ఇతరుల దోషమును బయటపెట్టక కప్పుట. స్థితీకరణమనగా జారుచున్నవానిని తిరిగి తన చోట నిలబెట్టుట. ఇవి దయగలవారు తీరిక ఉన్నప్పుడు చేయు మంచిపనులు కావు. ఇవి లేనిచో శ్రద్ధయే అవయవలోపము గలదని శాస్త్రము.

సమంతభద్రాచార్యులు రత్నకరండక శ్రావకాచారమున ఉపగూహనమునకు ఉదాహరణముగా ఒక వర్తకుని పేరే చెప్పిరి. అతడు జినేంద్రభక్తుడను శెట్టి. వ్యాఖ్యానములలో అతని కథ ఉన్నది. శెట్టిగారి మేడలో పార్శ్వనాథుని చైత్యాలయము. స్వామి ఛత్రమున అమూల్యమైన వైడూర్యమణి. ఒక దొంగ క్షుల్లకవేషము ధరించి వచ్చి, శెట్టి విశ్వాసము సంపాదించి, ఒకనాటి రాత్రి మణిని తీసికొని పోవుచుండగా తలారులు వెంటబడిరి. దొంగ పరుగెత్తి తిరిగి శెట్టి వద్దకే వచ్చి పడినాడు. శెట్టికి సంగతి అర్థమైనది. అయినను, ఆ మణిని తానే తెమ్మంటినని తలారులతో చెప్పి వారిని పంపివేసెను. పిమ్మట ఏకాంతమున ఆ దొంగను మందలించి పంపెను.

ఈ కథ విని, శెట్టి అబద్ధమాడెను గదా అని కొందరు శంకింతురు. వేషము చెడ్డదైనను దానిని చూచి లోకము ధర్మమునే దూషించునను భయముచే అతడట్లు చేసెనని వ్యాఖ్యాతలు సమాధానము చెప్పిరి. గృహస్థుడు ఆ కథనుండి నేర్వవలసినది అబద్ధము కాదు. మణి ఎక్కడకు పోయినదో చూడవలెను. మణి దొంగ చేతిలో మిగులలేదు. స్వామి ఛత్రమునకే తిరిగి వచ్చినది. మందలింపును తప్పలేదు, అది నలుగురిలో గాక ఏకాంతమున జరిగినది. మణిని రాబట్టుట వేరు, మానమును తీయుట వేరు. చాలమంది బాకీదారుని మానము తీసి, మణిని మాత్రము రాబట్టలేక చేతులు నులుముకొందురు. శెట్టి మణిని రాబట్టి మానమును విడిచిపెట్టినాడు.

స్థితీకరణమునకు జ్ఞాతాధర్మకథలోని మేఘకుమారుని వృత్తాంతమును మించినది లేదు. శ్రేణికమహారాజు కుమారుడైన మేఘుడు మహావీరస్వామి వద్ద దీక్ష తీసికొన్నాడు. అందరికంటె చిన్నవాడగుటచే మొదటి రాత్రి అతని పడక వాకిలి దగ్గర పడినది. వచ్చుచు పోవుచు మునుల కాళ్లు తగిలి, ధూళి పడి అతనికి కంటిమీద కునుకు లేదు. తెల్లవారగనే ఇంటికి పోవుదునని నిశ్చయించుకొని స్వామి వద్దకు వెళ్లెను. స్వామి, రాజకుమారుడవై ఇంతమాత్రమునకు ఓర్వలేవా అని ఎత్తిపొడువలేదు. అతని పూర్వజన్మకథ చెప్పెను. ఆ జన్మమున మేఘుడు ఏనుగు. అడవి అంటుకొనగా జంతువులన్నియు ఒక్క చోట క్రిక్కిరిసినవి. ఏనుగు గోకికొనుటకు కాలెత్తినంతలో ఆ సందున ఒక కుందేలు వచ్చి చేరినది. దానిని తొక్కరాదని, మంట ఆరువరకు రెండున్నర దినములు ఆ ఏనుగు కాలు ఎత్తియే నిలిచి, కడకు కూలి ప్రాణము విడిచినది. ఒక కుందేలుకొరకు అంత ఓర్చినవాడవు నీవే సుమా అని స్వామి జ్ఞాపకము చేసెను. మేఘుడు నిలిచిపోయెను.

ఓడినవానికి అతని ఓటమిని జ్ఞాపకము చేయవలసిన పని లేదు. అది అతనికి నిద్రలోనైనను మరపురాదు. అతడు మరచినది తన బలమును. పది సంవత్సరములు తప్పకుండ జమచేసిన ఆసామి పేజీలో ఒక సంవత్సరము ఎర్రగీత పడినప్పుడు, ఆ పది సంవత్సరముల పుటలు తిప్పి అతనికి చూపుట స్థితీకరణము.

మోసగాని మాట యేమి?

ఇట్లు చెప్పగా అనుభవజ్ఞులు నవ్వుదురు. 'అందరిని ఇట్లే చూచినచో బజారులో ఎవడును బాకీ తీర్చడు. మెత్తనివాడని తెలిసినచో మొత్తుదురు' అందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. దీనికిని శాస్త్రములో సమాధానమున్నది. తత్త్వార్థసూత్రపు ఏడవ అధ్యాయములో నాలుగు భావనలు చెప్పబడినవి. సర్వజీవులయందు మైత్రి, గుణాధికులయందు ప్రమోదము, క్లేశపడువారియందు కారుణ్యము, చెప్పినను విననివారియందు మాధ్యస్థ్యము. కరుణ అందరికిని ఒకే కొలతతో పోయమని అందులో లేదు. చెడినవాడు వేరు, చెరచినవాడు వేరు. ఉన్నదంతయు చూపి, దీపము పెట్టి కూర్చున్నవాడు కరుణకు పాత్రుడు. సరకు దాచి, దొంగపద్దులు వ్రాసి, భార్యపేర ఇల్లు మార్చి చేతులెత్తినవానియెడ మాధ్యస్థ్యము వహింపవలెను. అనగా అతనికి మరల అరువు ఇయ్యనక్కరలేదు. న్యాయస్థానమునకు పోవుటయు దోషము కాదు. కాని అచ్చటను ద్వేషము, దూషణము అక్కరలేదు.

లోకపు చట్టములును మెల్లగా ఈ భేదమును గ్రహించినవి. సిరోంచ నాడు చేరియుండిన మధ్యపరగణాలలోనే 1933లో ఋణపరిష్కార చట్టము వచ్చి, అప్పిచ్చినవానిని, తీసికొన్నవానిని ఒక్క బల్లవద్ద కూర్చుండబెట్టి, తీర్చగల మొత్తమును వాయిదాలను నిర్ణయించు బోర్డులకు దారి తీసెను. 1936లో సివిల్ ప్రొసీజరు కోడును సవరించి, డిక్రీ ఉన్నంత మాత్రమున బాకీదారుని జైలులో పెట్టుటకు వీలులేకుండ కట్టడి చేసిరి. 1980లో సుప్రీంకోర్టున జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరు, తీర్చు శక్తి లేకపోవుట నేరము కాదనియు, శక్తియుండి దురుద్దేశముతో ఎగవేయుటయే శిక్షార్హమనియు తీర్పు చెప్పిరి. ఉపగూహన స్థితీకరణములను చిన్ననాటినుండి వినుచున్నవారు చట్టముకంటె వెనుకబడి ఉండుట తగదు.

ఇంకొక ఆక్షేపణ ఉన్నది. అది జైనుల నోటనే ఎక్కువగా వినబడును. 'అది అతని కర్మము, అనుభవింపనిమ్ము' అందురు. కర్మసిద్ధాంతమును ఇంతకంటె అపార్థము చేయుట ఉండదు. అతనికి వచ్చిన కష్టము అతని కర్మమే కావచ్చును. ఆ కష్టమునెదుట నిలిచి పలుకు కఠినవాక్యము మాత్రము పలికినవాని కర్మము. కర్మసిద్ధాంతము అద్దమువంటిది. తన ముఖము చూచుకొనుటకు దానిని ఇచ్చిరి. ఇతరునిమీద విసరుటకు కాదు.

మూడవది, కరుణకును హద్దు కలదు. చిల్లర వర్తకుడు తానే వరంగల్లులోనో, నాగపూరులోనో అడ్తి దుకాణమునకు బాకీయుండును. తన శక్తికి మించి వదలుకొన్నచో పగటిదీపములు ఒకటికి రెండగును. అదియును కరుణ కాదు. పరుల సొమ్ముతో దానము చేయుట ధర్మము కాదు. కావున కరుణ అనగా బాకీ కొట్టివేయుటయే అనుకొనరాదు. పుస్తకములో నిజమైన బాకీ నిజముగానే ఉండవలెను. దానిని మనిషి మోయగల బరువుగా మార్చుట కరుణ. అహింసాణువ్రతపు అతిచారములు ఐదింట ఒకటి అతిభారారోపణము, అనగా మోయలేని బరువు ఎత్తుట, మరియొకటి అన్నపాననిరోధము. ఎద్దుమీద బరువు చూచి జాలిపడు వర్తకుడు వడ్డీమీద వడ్డీ ఎక్కిన బరువును కూడ చూడవలెను.

దుకాణములో చేయదగినది

ప్రభుత్వములు ప్రకటించు రుణమాఫీలు సామాన్యముగా బ్యాంకుల, సహకార సంఘముల పద్దులకే. గోదావరికి ఆవలి గట్టున ఒక లెక్క, ఇవతలి గట్టున ఒక లెక్క. దుకాణపు పద్దులో బాకీపడినవానికి దుకాణదారుని మనసే సర్కారు. అందుచే అతడు చేయదగినవి కొన్ని గలవు.

బాకీ మాట గద్దెవద్ద, నలుగురిలో ఎత్తరాదు. ఆసామిని లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, కూర్చుండబెట్టి మాటలాడవలెను. ఒకరి ఖాతా మరియొకరికి చెప్పరాదు. రహస్యమును వెల్లడించుట సత్యాణువ్రతపు అతిచారమని శాస్త్రమే చెప్పుచున్నది. పంట పోయిన యేట వడ్డీని నిలిపి, అసలునే పంటకాలములనుబట్టి వాయిదాలు చేయవలెను. చట్టము ఒప్పని వడ్డీ లావాదేవీ మొదలే పెట్టుకొనరాదు. అన్నిటికంటె ముఖ్యము, మరుసటి విత్తనమునకు కొంచెమైనను దారి చూపవలెను. విత్తనము లేని రైతు బాకీ ఏ ధర్మమువలనను తీరదు. బాకీ తీరిన దినమున నోటును అతని చేతికే ఇచ్చి, ఒక మంచిమాట చెప్పి పంపవలెను. తెలుగులో పరపతి అను మాటకు అరువు పుట్టుట అనియు, నలుగురిలో గౌరవమనియు రెండర్థములు ఉండుట ఊరక కాదు. ఒకటి నిలిచినచో రెండవది నిలుచును.

ఆసామి విషయము ఇట్లుండగా, తోటి వర్తకుడు చెడినప్పుడు సమాజము ఎట్లున్నది? ఇక్కడ దాపరికము అక్కరలేదు. చెడిన ఇంటికి మరునాటినుండి పోకలు తగ్గును. ఆ ఇంటి పిల్లకు సంబంధము వెనుకకు పోవును. ఉపాశ్రయములో అతడు ముందు వరుస విడిచి స్తంభము చాటున కూర్చుండును, రమ్మని పిలుచువారుండరు. కొన్నాళ్లకు అసలు రాకపోవును. భద్రావతికో, కొలనుపాకకో సంఘయాత్ర పోవునప్పుడు బస్సులో చోటు మిగులును గాని ఆ కుటుంబము గుర్తుకు రాదు. తండ్రి వ్యాపారము చెడిన పాపమునకు పదేండ్ల పిల్లవాడు పాఠశాలలో మాటపడును. ఇదే సంఘము సాధర్మిక వాత్సల్యమను పేరిట భోజనములు పెట్టుచుండును. భోజనము మంచిదే. కాని స్తంభము చాటున కూర్చున్నవానిని చేయిపట్టి ముందు వరుసకు తెచ్చుట అంతకంటె గొప్ప వాత్సల్యము. దానికి ఖర్చును లేదు. అతనికి ధనము కావలసివచ్చినను, దానమని గాక తిరిగి ఇయ్యదగిన పెట్టుబడియని చేతిలో పెట్టినచో అతడు తలయెత్తి తీసికొనును.

వర్తకము నిలిచినన్నాళ్లు ఎవరును తాము పడుదుమని అనుకొనరు. కలిమిలేములు కావడికుండలని అందరికిని తెలియును. తన భుజముమీది కావడి మాత్రము ఎన్నడును వంగదని ప్రతివాడును నమ్మును. నది అట్లు నమ్మనీయదు. ఏప్రిల్‌లో పుణ్యమిచ్చిన నీరే జూలైలో చేను తీసికొనిపోయినది.

ప్రతి సంవత్సరము సంవత్సరి నాడు 'మిచ్ఛామి దుక్కడం' అని బంధువులకు, మిత్రులకు, వియ్యాలవారికి చెప్పుకొందురు. వారిలో చాలమందిపట్ల ఏ అపరాధమును జరిగియుండదు. నిజముగా మాట జారినది గద్దెయెదుట నిలిచిన ఆసామిమీద, వెనుక వరుసలో కూర్చున్న సోదరునిమీద. ఆ దినమున ముందుగా వారి ఇండ్లకు పోవలెను. తరువాత దీపావళి వచ్చును. మహావీరస్వామి నిర్వాణదినమున కొత్త పుస్తకములు పూజించి, దీపము పెట్టి, మొదటి పుట తెరతురు. పాతబాకీ ఆ పుటలోనికి నిజముగానే తెచ్చి వ్రాయవలసినదే. పాతమాట మాత్రము పాతపుస్తకములోనే ఉండిపోవలెను.